తాడు పట్టేవాడికి ఎన్ని బిందెలు?

చిట్టా 611. మబ్బుపేట. వెలుగు.

తాడు మీద దిగే ప్రతి మనిషీ పైకొచ్చాక నోటితో చిట్టా చెప్పాలని రూలు. ఒంటి తొడుగుని సున్నం నీళ్ళలో పడేసి, అది బుసబుసా పొంగుతుంటే పక్కన గొంతుక్కూచుని చెబుతున్నాను. ఈ రాసుకునే మెషిన్ కొత్తది. ప్రతిదానికీ "అంటే?" అని ప్రాణం తీస్తోంది. సరే, విను. నా పేరు నూకరత్నం. ఊరి పొట్టకి మాసికలు వేయడం నా పని. ఊరు మబ్బుల్లో తేలుతుంది కదా, తేలడానికి దానికో పెద్ద గుడ్డ పొట్ట ఉంది. బయట ఆసిడ్ నిండిన పుల్ల గాలి ఉంది. పుల్ల గాలి గుడ్డని తింటుంది, నేను తాడుకి వేలాడుతూ మాసిక వేస్తాను. అది తినడం మానదు, నేను వేయడం మానను. ఇదే నా బతుకు.

ఇవాళ వేసినవన్నీ మాసికల మీద మాసికలే. అసలు గుడ్డ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అందుకే మబ్బుపేటని మూసేస్తున్నారు. వేరే ఊళ్ళో పని దొరికినవాళ్ళు అక్కడికి పోతారు. దొరకనివాళ్ళు శిబిరానికి. శిబిరంలో ఇద్దరికి కలిపి చుట్టుకి ఒక్క బిందె నీళ్ళు.

"చుట్టు అంటే?" అంటోంది మెషిన్. ఊరు గాలికి కొట్టుకుపోతూ ఈ శుక్రగ్రహాన్ని ఒక్కసారి చుట్టి రావడం. రెండు రోజులు వెలుగు, రెండు రోజులు చీకటి. చుట్టు తిరగ్గానే జీతం. జీతమంటే నీళ్ళే, ఇక్కడ అంతకన్నా విలువైంది ఏముంది? ఇప్పుడు నాకు మూడు బిందెలు. ఒకటి తాగడానికి, ఒకటి వంటకి, మూడోది ఇచ్చి బియ్యం, ఉప్పు తెచ్చుకుంటాం. ఒక్క బిందెతో ఇద్దరు బతకడమంటే మాటలా?

రెండో మనిషి మా వదిన సన్యాసమ్మ. మా అన్నయ్య భార్య. ఇన్నేళ్ళూ నా తాడు పట్టింది ఆవిడే. పైన గిలక దగ్గర కూచుని, తాడు మీద చెయ్యి వేసి, కింద నేను దగ్గినా తెలుసుకునేది. మెషిన్లని పెట్టి చూశారు గానీ పుల్ల గాలికి వాటి బుర్రలు నాలుగు చుట్లకే తుప్పు పట్టిపోయాయి. మనిషి చెయ్యి ఒక్కటే మిగిలింది. మొన్నామధ్య వదిన కుడి భుజం జారిపోయింది. ఆవిణ్ణి ఇంక ఎవరూ పనిలోకి తీసుకోరు. నాకు పని దొరికితే నాతోపాటు గదిలో ఉండొచ్చు. లేకపోతే ఇద్దరం శిబిరానికే.

అసలు సంగతి ఇది. శుక్రవరం అనే ఊరి నుంచి నాకు పిలుపొచ్చింది. పెద్ద ఊరు. చుట్టుకి ఎనిమిది బిందెలు! రెండుసార్లు చదివించుకున్నాను. ఎగురుకుంటూ ఇంటికెళ్ళి వదినతో చెప్పాను.

వదిన బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "తాడు పట్టేవాడికెంత?" అంది.

"అది రాయలేదు."

"అడగలేదా?"

"నాకెంతో నాకు తెలిసింది. వాడికెంతైతే నాకెందుకు వదినా?" అన్నాను. ఆవిడ మొహం ముడుచుకుని మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరసాగింది. నాకు ఒళ్ళు మండింది. ఎనిమిది బిందెలు తెస్తుంటే మొహం అలా పెట్టుకుంటారా ఎవరైనా?

చిట్టా 612. శుక్రవరం. చీకటి.

వచ్చి పడ్డాను. అబ్బో, ఏం ఊరు! వీధిలో కుళాయిల వరసే లేదు. మబ్బుపేటలో జీతం రోజున అందరం ఒకే చోట బిందెలు పెట్టి నిలబడతాం. ఎవరికెన్నో అందరికీ కనిపిస్తుంది. ఇక్కడ గొట్టం నేరుగా ఇంట్లోకి వస్తుంది. ఎవరి గొట్టంలో ఎంత వస్తుందో పక్కింటివాడికి కూడా తెలియదు.

మేనేజరు హైమవతి గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. మనకి లేచి నిలబడేవాళ్ళు ఎవరమ్మా? కుర్చీ చూపించి, నిమ్మరసం ఇప్పించి, మెత్తగా చెప్పారు. "మీ వేడి మాసిక గురించి చాలా విన్నామండీ. గుడ్డ చిరుగుతుండగానే అతికించేవాళ్ళు మా దగ్గర లేరు. ఒకసారి దిగి చూపించండి. మిమ్మల్ని తెచ్చిన గాలి పడవ తిరిగి మబ్బుపేటకి వెళ్ళేలోగా సంతకం పెడితే, అదే పడవలో మీ వదినగారిని తెప్పిస్తాం."

"పెట్టకపోతే?"

"పడవ మళ్ళీ రాదండీ. మబ్బుపేట ఉండదుగా." తర్వాత నవ్వుతూ ఇంకో మాట అన్నారు. "ఇక్కడ ఒక్కటే నియమం. మీ జీతం మీరెవరికీ చెప్పకూడదు, ఇంకొకరిది అడగకూడదు. తెలియకపోతే అందరూ సుఖంగా ఉంటారు."

నాకు బాగానే ఉందనిపించింది. ఎనిమిది తీసుకుని నోరు మూసుకోవడం ఏమంత కష్టం? గది చూపించారు. రెండు మంచాలు, ఒక కుళాయి. కుళాయి తిప్పి, నీళ్ళు పడే చప్పుడు వింటూ కూచున్నాను. వదిన ఒంటి నిండా నీళ్ళు పోసుకుని ఎన్నేళ్ళయిందో. ఆ మంచం మీద ఆవిడ తడి జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టు ఊహించుకున్నాను. ఏడుపొచ్చింది. రాసుకో, ఏడుపొచ్చిందనే రాసుకో.

చిట్టా 613. శుక్రవరం. వెలుగు.

నిన్నటి సంతోషం అంతా పోయింది. పోగొట్టినవాడి పేరు బంగార్రాజు.

ఇక్కడ నాలాగే దిగే మనిషి. సున్నం తొట్టి దగ్గర తొడుగు ఉతుక్కుంటూ కలిశాడు. మాటల్లో మాట, నా చెవి దగ్గరికొచ్చి "నాకు పదకొండు. ఎవరితో అనకు" అన్నాడు. మీసం మెలేసి మరీ చెప్పాడు. అతని కుట్టు చూశాను. మా ఊళ్ళో కొత్తగా నేర్చుకునేవాళ్ళు అంతకన్నా తిన్నగా వేస్తారు.

నిన్న ఉన్నవీ ఎనిమిదే, ఇవాళ ఉన్నవీ ఎనిమిదే. ఒక్క చుక్క తగ్గలేదు. అయినా నాకు ఎవరో మూడు బిందెలు దొంగిలించినట్టుంది. కుళాయి తిప్పితే ఆ చప్పుడు కూడా సన్నగా వినిపించింది. నాకే సిగ్గేసింది. మూడు బిందెలతో బతికిన దాన్ని, ఎనిమిది ఇస్తామంటే మొహం మాడ్చుకోవడమేంటి? కానీ ఏం చేయను, మాడింది. ఆ వంకర కుట్టువాడికి పదకొండా!

హైమవతి గారి దగ్గరికెళ్ళి అడిగేద్దామనుకున్నాను. అడిగితే చెప్పినవాడి పేరు చెప్పాలి. మింగేశాను. రేపు దిగాలి.

చిట్టా 614. శుక్రవరం. వెలుగు.

ప్రాణంతో పైకొచ్చాను. తొడుగు నానబెట్టాను, నేను కూడా ఆ తొట్టిలోనే కూలబడ్డాను. మెల్లిగా చెబుతాను.

నా గిలక దగ్గర మనిషి పేరు గవరయ్య. నాకన్నా చిన్నవాడు. కళ్ళు ఎర్రగా, లోపలికి పోయి ఉన్నాయి. "నమస్తే మేడం" అన్నాడు. మేడం ఏంటయ్యా, అక్కా అను అన్నాను. అనలేదు.

కొక్కెం తగిలించుకున్నాను. అంచు మీద నిలబడ్డాను. కింద ఎప్పట్లాగే పసుపు పొగ, దాని కింద ఏముందో ఎవరూ చూసి రాలేదు. అక్కడ జరిగింది నా తప్పు. మబ్బుపేటలో దిగే ముందు ఇద్దరం జీతం పైకి అరుస్తాం. నేను "మూడు!" అంటాను, గిలక దగ్గర్నుంచి "మూడు!" అని రావాలి. వచ్చాకే కాలు అంచు దాటాలి. మా అన్నయ్య పోయాక వదిన పెట్టించిన ఆచారం. నా నోటికి అది ఊపిరి తీసుకోవడంతో సమానం. అలవాటుకొద్దీ, మైకు తెరిచి ఉందన్న ధ్యాస కూడా లేకుండా, గొంతెత్తి "ఎనిమిది!" అని అరిచాను.

పైన చప్పుడు లేదు.

"నువ్వు చెప్పవేం?" అన్నాను. అప్పటికి గానీ నేనేం చేశానో నాకు తట్టలేదు.

స్పీకర్లో వినిపించింది. "రెండు, మేడం."

తాడు వదిలాడు. దిగాను. ఏం చేయను, దిగాను. పొట్ట కింద చిరుగు దగ్గరికి వెళ్ళి మాసిక పరుస్తుండగా గాలి తిరిగింది. నన్ను ఎత్తి పక్కకి కొట్టింది. అలాంటప్పుడు పైమనిషి రెండు బారలు లాగాలి. చెప్పనక్కర్లేదు, తాడు చేతిలోనే తెలుస్తుంది. తాడు కదల్లేదు.

"గవరయ్యా, రెండు బారలు లాగు!"

"గిలక మీద దీపం వెలగలేదు మేడం. దీపం వెలిగితేనే లాగాలని రూలు."

ఆ దీపం తుప్పు పట్టి ఎన్నాళ్ళయిందో చూసినవాళ్ళకెవరికైనా తెలుస్తుంది. అది ఈ జన్మలో వెలగదు. మళ్ళీ గాలి కొట్టింది. భుజం దగ్గర తొడుగు కుట్టు విడుతున్న చప్పుడు నా చెవికి వినిపించింది. చల్లగా తగిలింది, తర్వాత మంట. పుల్ల గాలి లోపలికొచ్చేసింది. అరవబోయాను, బూతులు నోటిదాకా వచ్చాయి. తిడితే ఇంకా లాగడేమోనని భయమేసి మింగాను. నా ప్రాణం పట్టుకున్నవాణ్ణి తిట్టే ధైర్యం నాకు లేదు.

"గవరయ్యా," అన్నాను, "నాకు తెలియదయ్యా. నీకు రెండని నాకు చెప్పలేదు."

గాలి ఇంకోసారి కొట్టాక తాడు బిగిసింది. లాగాడు. బార తర్వాత బార, పైదాకా లాగాడు. అంచు మీద పడి మొహం తొడుగు పీకేసి చూద్దును కదా, అతని చేతులు నాకన్నా ఎక్కువ వణుకుతున్నాయి.

చిట్టా 615. శుక్రవరం. చీకటి.

భుజానికి సున్నం పట్టు వేశారు. మంట తగ్గింది. హైమవతి గారు ఇవాళ లేచి నిలబడలేదు. "మీరేం చేశారో తెలుసా? మైకు తెరిచి ఉంది. అన్ని గిలకల దగ్గరా విన్నారు. నిన్నట్నుంచీ ప్రతివాడూ తన జతమనిషిని అడుగుతున్నాడు, నీకెంత అని!" అన్నారు.

"నిజం చెబితే ఇంత గొడవవుతుందంటే, అది ఎలాంటి నిజమోనండీ" అన్నాను. ఆవిడకి నచ్చలేదు.

తర్వాత గవరయ్యని వెతుక్కుంటూ వెళ్ళాను. ఇంట్లో లేడు. సున్నం కాచే బట్టీ దగ్గర ఉన్నాడు. గిలక పని అయ్యాక అక్కడ రెండో పని. రెండు బిందెలతో పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, అతని తల్లి. ఎలా సరిపోతాయి?

"నిన్న నన్ను కావాలనే ఆపావా?" అని మొహం మీదే అడిగాను.

తప్పించుకోలేదు. "ఆపానక్కా. కోపమొచ్చింది. కోపం నీ మీద కాదు. కానీ తాడుకి ఆ చివర ఉన్నది నువ్వు" అన్నాడు. మొదటిసారి అక్కా అన్నాడు.

"లాగేశావు కదా మళ్ళీ."

"లాగాను. రేపు కూడా కోపమొస్తుంది. రాకపోతే నిద్రొస్తుంది. రెండు పనులు చేసి గిలక దగ్గర కూచుంటే కళ్ళు మూతపడిపోతున్నాయక్కా. నువ్వు వేరే ఊరు చూసుకో."

బట్టీ పక్కనే కూచుండిపోయాను. మా అన్నయ్య అలాగే పోయాడు. అన్నయ్యకి మూడు బిందెలు, అతని తాడు పట్టినవాడికి ఒకటి. ఆ మనిషి దుర్మార్గుడేం కాదు. మూడు చోట్ల పని చేసి వచ్చి, తాడు చేతిలో పెట్టుకుని నిద్రపోయాడు. తర్వాత వదిన వెళ్ళి గిలక దగ్గర కూచుంది. జతకి సమానంగా ఇస్తారా, లేకపోతే ఊరు మునిగినా ఎవర్నీ దిగనివ్వను అంది. "తాడు పట్టేవాడికెంత?" అని వదిన అడిగినప్పుడు నేనేమన్నాను? వాడికెంతైతే నాకెందుకు అన్నాను. ఎవరితో అన్నాను, మా వదినతో. నా నోరు పడిపోను.

"నా ఎనిమిదిలోంచి మూడు నీకిస్తాను. చెరి ఐదు" అన్నాను గవరయ్యతో.

గరిట కింద పెట్టేశాడు. "నీ నీళ్ళు నాకెందుకక్కా? నువ్వు పెట్టే దానం తిని నీ తాడు పట్టనా? ఇవ్వాల్సినవాళ్ళు ఇవ్వాలి."

అదీ నిజమే. హైమవతి గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి చెప్పాను. నాకు ఎనిమిది వద్దు, ఇద్దరికీ ఐదేసి ఇవ్వండి, మీకు ఒక్క చుక్క కూడా ఎక్కువ ఖర్చు కాదు అన్నాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "ఖర్చు గురించి కాదండీ. మీ జతకిస్తే రేపు అన్ని జతలూ అడుగుతాయి. కావాలంటే మీకు పన్నెండు చేస్తాను. దీని గురించి మాట్లాడకండి."

పన్నెండు. బంగార్రాజు కన్నా ఒకటి ఎక్కువ. మొన్నైతే ఎగిరి గంతేసేదాన్ని. ఇవాళ భుజం మీద మంట ఇంకొంచెం పెరిగింది. ఆ తాడు చివర పన్నెండు బిందెల మనిషిగా వేలాడమంటారా నన్ను?

వద్దన్నాను. పడవ రేపు వెళ్ళిపోతుంది. వదినకి ఏం చెప్పాలి? శిబిరం, ఒక్క బిందె. నేను చేసింది తెలివైన పనో, పొగరో నాకే తెలియడం లేదు. భయంగా ఉంది.

చిట్టా 616. శుక్రవరం. చీకటి.

పడవ రేవులో మూట పెట్టుకుని నిలబడ్డాను. కాళ్ళ కింద నేల వాలింది. ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం. ఎవరి ఇంట్లోవో బిందెలు వీధిలోకి దొర్లుకుంటూ వచ్చాయి. నాకు అర్థమైంది. నేను సగంలో వదిలేసిన చిరుగు ఇంకా పెద్దదైంది.

మూట అక్కడే పడేసి గిలకల దగ్గరికి పరిగెత్తాను. అక్కడ పెద్ద రభస. బంగార్రాజు తొడుగు వేసుకుని అంచు మీద నిలబడి ఉన్నాడు. అతని తాడు పట్టే మనిషి గిలక వదిలేసి చేతులు కట్టుకున్నాడు. "నీకెంతో చెప్పి దిగు" అంటున్నాడు. బంగార్రాజు కొక్కెం తడుముకుంటున్నాడు. పదకొండు అని ఆ మనిషి మొహాన చెప్పి, ఆ తాడుకే వేలాడే ధైర్యం ఎవరికుంటుంది?

హైమవతి గారు నన్ను చూసి పరిగెత్తుకొచ్చారు. "నూకరత్నం గారూ, దిగండి! మీకేం కావాలంటే అది!"

"నేను దిగుతానండీ. ఊళ్ళో పిల్లలున్నారు, నేను బేరమాడను" అన్నాను. నిజంగానే కొక్కెం తగిలించేసుకున్నాను. "కానీ నన్ను పట్టుకునేది నేను కాదు. ఆయన్నడగండి."

గవరయ్య గిలక పక్కన గోడకి ఆనుకుని ఉన్నాడు. బట్టీ దగ్గర్నుంచి అలాగే వచ్చాడు, ఒంటి నిండా సున్నం. "అక్కా, నేను పట్టనని కాదు. చూడు" అని చేతులు చాపాడు. ఆ వణుకు అందరూ చూశారు. "ఇంక బట్టీకి వెళ్ళక్కర్లేదంటే నిలబడతాయి."

నేల ఇంకొంచెం వాలింది. హైమవతి గారు రాటని పట్టుకున్నారు. "సరే, సరే! ఇద్దరికీ సమానం!"

"ఎంతో చెప్పండి. మైకులో చెప్పండి" అన్నాను.

"నాలుగు!"

"ఐదన్నాను."

"నాలుగండీ! అన్ని జతలకీ ఇవ్వాలంటే నాలుగే వస్తుంది!" ఊరు కిందికి జారిపోతుంటే కూడా లెక్క తప్పలేదు మహాతల్లి. కానీ అన్ని జతలకీ అన్న మాట ఆవిడ నోట్లోంచే వచ్చింది, మైకులో వచ్చింది. గిలకల దగ్గర అందరూ విన్నారు.

ఎనిమిదిలోంచి నాలుగు. సగానికి సగం. వదిన తడి జుట్టు గుర్తొచ్చింది. అంచు మీద నిలబడ్డాను.

"నాలుగు!" అని అరిచాను.

గవరయ్య తాడు మీద చేతులు వేశాడు. అతని వెనక, బంగార్రాజు జతమనిషి కూడా వచ్చి తాడు పట్టుకున్నాడు. "నాలుగు!" అని వినిపించింది.

దిగాను. చిరుగు నా నిలువంత ఉంది. గాలి నన్ను విసిరిన ప్రతిసారీ, నేను నోరు తెరవకముందే తాడు లాగింది. దీపం వెలగలేదు. ఎవరూ దాని వంక చూడలేదు. మాసిక వేడిగా అంటించి, అరచేతులతో అదిమి, ఊరు మళ్ళీ తిన్నగా అయ్యేదాకా అలాగే పట్టుకుని వేలాడాను. పైకొచ్చాక గవరయ్య ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. బంగార్రాజు మూల కూచుని తన జతమనిషికి ఏదో చెప్పుకుంటున్నాడు. అది వాళ్ళిద్దరి సంగతి.

సంతకం పెట్టాను. పడవని అప్పటిదాకా ఆపించి, వదిన కోసం మబ్బుపేటకి పంపారు.

చిట్టా 617. శుక్రవరం. చీకటి.

మబ్బుపేటకి లైను కలిసింది. గొంతు వినగానే వదిన మొదలుపెట్టింది. "తిన్నావా? ఒంటికేమైంది, అలా మూలుగుతున్నావేం?"

"ఏం కాలేదు. సంతకం పెట్టాను వదినా. పడవ వస్తోంది, ఎక్కు."

"ఎనిమిదేనా?"

"నాలుగు."

"ఏంటీ?" అని అరిచింది. "ఎనిమిదన్నావు కదే! సగానికి ఒప్పుకున్నావా? మతి గానీ పోయిందా? మంచితనానికి పోయి మోసపోయావా ఏం?" ఇంకా చాలా అంది. అలిసిపోయి ఆగింది. ఆగాక, గొంతు తగ్గించి అడిగింది.

"తాడు పట్టేవాడికెంత?"

"నాలుగు."

అవతల ఇత్తడి చప్పుడు వినిపించింది. ఒక బిందెలో ఇంకో బిందె దోపుతోంది.

"మన మూడూ నేను తెస్తున్నాను," అంది. "నాలుగోది అక్కడ కొనుక్కుందాం."